సర్ ఆర్థర్ కాటన్: నీటిమట్టం ఎరిగిన మనిషి

గోదావరి డెల్టాను మొదటిసారి చూచేవానికి అది బల్లపరుపు నేలగా కనిపిస్తుంది. రాజమహేంద్రవరం దాటి సముద్రం వైపు ప్రయాణం చేస్తుంటే ఎక్కడ మెరక, ఎక్కడ పల్లం అని కన్ను పోల్చుకోలేదు. నీరు మాత్రం పోల్చుకుంటుంది. ధవళేశ్వరం నుండి సముద్రం వరకు ఆ నేల మైలుకు సుమారు ఒక అడుగు చొప్పున దిగిపోతుంది. అంతేకాదు, నదికి దగ్గరగా ఉన్న నేల ఎత్తుగాను, నదికి దూరమైనకొలది పల్లంగాను ఉంటుంది. వేల ఏండ్ల వరదలలో నది గట్టు దాటి పొర్లినపుడెల్లా బరువైన ఒండ్రును ముందుగా తన అంచుననే వదలివేసినది. అందువలన గోదావరి తన డెల్టాలో లోయగుండా ప్రవహించే నది కాదు. మెరక మీద ప్రవహించే నది. ఈ సంగతి అక్కడి రైతుకు తరతరాలుగా తెలిసినదే. దానిని కొలిచి, లెక్క కట్టి, ఆ కొద్దిపాటి వాలునే ఆధారం చేసికొని డెల్టా అంతటికీ నీరు పారించవచ్చునని ప్రభుత్వాన్ని ఒప్పించినవాడు ఆర్థర్ కాటన్.

కాటన్ దొర పేరు ఎరుగనివారు గోదావరి సీమలో లేరు. ఊరూరా ఆయన విగ్రహాలున్నవి. ఆయనను అపర భగీరథుడని పిలుస్తారు. నదీస్నాన సమయంలో సంకల్పంలో ఆయన పేరును కూడ స్మరించేవారు ఉన్నారని ప్రతీతి. ఒక పరదేశీయునికి, అందునా ఈస్టిండియా కంపెనీ ఉద్యోగికి, ఇటువంటి గౌరవం మన దేశంలో మరెక్కడను దక్కినట్లు మేము ఎరుగము. కాని ఈ భక్తిలో ఒక చిన్న పొరపాటు కూడ కలిసి ఉన్నది. కాటన్ గోదావరిని ఆపినాడనీ, దానికి అడ్డంగా గోడ కట్టి నీటిని నిలువ చేసినాడనీ చాలామంది విద్యార్థులు పరీక్షలలో వ్రాస్తారు. ఆయన నదిని ఆపలేదు, ఆపదలచుకొననూ లేదు. నది మట్టాన్ని కొన్ని అడుగులు ఎత్తినాడు. ఎత్తిన ఆ మట్టాన్ని వందల మైళ్ళ కాలువల పొడవునా చెడకుండ నిలిపే ఏర్పాటు చేసినాడు. ఆయన జీవితాన్ని ఈ దృష్టితో చదివితే ఆయన గెలుపులే కాదు, ఓటములు కూడ బోధపడుతాయని మా అభిప్రాయం.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించినాడు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. పదకొండుమంది అన్నదమ్ములలో ఆర్థర్ పదవవాడు. పదిహేనవ ఏట ఆడిస్కాంబులోని కంపెనీవారి సైనిక విద్యాలయంలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం సంపాదించినాడు. 1821లో మద్రాసు చేరునాటికి ఆయనకు నిండా ఇరువది ఏండ్లు లేవు. వచ్చిన కొద్ది కాలానికే పంబన్ జలమార్గాన్ని పరిశీలించే పని అప్పగించినారు. మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నాడు. ఈ వివరాలు ఆయన జీవితచరిత్రలలో విస్తారంగా దొరుకుతాయి గనుక ఇక్కడ పెంచడం లేదు. ఆయనను తీర్చిదిద్దినది యుద్ధం కాదు, కావేరి.

తిరుచిరాపల్లికి ఎగువన కావేరి రెండు పాయలుగా చీలుతుంది. దక్షిణపు పాయ కావేరి. ఉత్తరపు పాయ కొళ్ళిడం. రెంటి నడుమ శ్రీరంగం లంక. తంజావూరు డెల్టాకు నీరిచ్చేది కావేరి పాయ. కాని కొళ్ళిడం అడుగు పల్లం. దాని వాలు ఎక్కువ. పల్లమెరిగిన నీరు అటే మొగ్గుతుంది. ఏటికేడు కొళ్ళిడం బలిసి, కావేరి ఇసుకతో పూడిపోసాగినది. పంతొమ్మిదవ శతాబ్దం ఆరంభం నాటికి తంజావూరు రైతులు తమ నది కండ్ల ఎదుటనే ఎండిపోవడం చూస్తున్నారు. నదిలో నీరు లేక కాదు. ఆ నీరు తమ వైపు రావలసిన మట్టంలో లేక.

కాటన్ ఈ చిక్కును పరిశీలిస్తూ శ్రీరంగం లంక దిగువ కొసన ఉన్న కల్లణై దగ్గరకు పోయినాడు. కరికాల చోళుడు కట్టించినాడని చెప్పుకొనే ఆ పురాతనమైన ఆనకట్ట బండమీద లేదు. వట్టి ఇసుకమీద ఉన్నది. ఇసుకమీద రాతికట్ట నిలువదని ఆనాటి ఇంజనీర్లు భయపడేవారు. మన పూర్వులు రాళ్ళను ఇసుకలో పడవేసి, అవి క్రుంగినకొలది మరల రాళ్ళు వేసి, ఇక క్రుంగని చోటికి వచ్చిన తరువాత పైన కట్టడం లేపినారు. ఈ పాఠం కాటన్ శ్రద్ధగా నేర్చుకున్నాడు. నేర్చుకున్నానని దాచకుండ చెప్పుకున్నాడు కూడ. పాలకజాతికి చెందిన ఒక యువ ఇంజనీరు పాలితుల తాతముత్తాతలను గురువులుగా ఒప్పుకోవడం ఆ రోజులలో సామాన్యమైన విషయం కాదు. ఆనకట్ట అనే అర్థంలో ఇంగ్లీషువారు వాడే అనికట్ అనే పదం తమిళంలోని అణైకట్టు నుండి వచ్చినదే. మాటతో పాటు విద్య కూడ అటునుండి ఇటు పోయినది.

1836లో కొళ్ళిడంమీద ఎగువ ఆనకట్ట, దిగువ ఆనకట్ట పూర్తయినవి. ఎగువ ఆనకట్ట కొళ్ళిడం తలదగ్గర మట్టాన్ని ఎత్తి నీటిని కావేరివైపు మళ్ళించినది. తంజావూరు బ్రదికినది. అయితే కథ అక్కడితో ముగియలేదు. కొన్ని ఏండ్లకు నీరు కావేరిలోనికి మితిమీరి రాసాగినది; ఆ పాయ అడుగు కోసుకొనిపోవడం, కొళ్ళిడం మేట వేయడం మొదలైనవి. అపుడు ఎగువ ఆనకట్ట నడిమి భాగాన్ని కొంత తగ్గించి, కావేరి తలదగ్గర కూడ ఒక అడ్డుగోడ వేయవలసి వచ్చినది. నదిలో ఒకచోట మట్టాన్ని మార్చితే దాని ఫలం ఒకచోటనే ఆగదని ఇంజనీర్లకు ఇక్కడ మొదటిసారి గట్టిగా తెలిసివచ్చినది.

ఇక గోదావరి. నందన నామ సంవత్సరం, అనగా 1832-33 నాటి కరువు గుంటూరు సీమను శ్మశానం చేసినది. ఆ కరువు వేడి రాజమహేంద్రవరం జిల్లాకూ తగిలినది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టినది. 1821లో ఆ జిల్లా జనాభా సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలు. ఇరువది ఏండ్లలో లక్షా డెబ్బదియేడు వేలమంది తరిగిపోయినారు. చచ్చినవారు చావగా మిగిలినవారు వలసపోయినారు. ఇదంతా దేశంలోని పెద్ద నదులలో ఒకటైన గోదావరి ప్రక్కన జరిగినది. నీళ్ళు లేక జరిగిన ఘోరం కాదు ఇది. ఏటేటా లెక్కకు మించిన నీరు ఆ ఊళ్ళ ప్రక్కగా సముద్రంలోనికి పోతూనే ఉన్నది.

ఎందుకిట్లు జరిగినది? ఆనకట్టకు పూర్వం కూడ కొన్ని కాలువలు ఉండేవి. అవి వరదకాలంలో నది పొంగినపుడు మాత్రమే నిండేవి. ఆషాఢ శ్రావణాలలో నది గట్టులొరసి పారుతుంది. కాలువలలోనికి నీరు వస్తుంది. రైతు నాట్లు వేస్తాడు. ఆశ్వయుజంలో నది తీస్తుంది. కాలువ తల నది మట్టం కంటె పైకి పోతుంది. వరి పొట్టకు వచ్చి గింజ పాలు పోసికొనే వేళకు బోదెలో చుక్క ఉండదు. అదే సంవత్సరం వరద మితిమీరితే ఆకుమళ్ళే కొట్టుకొనిపోయి ఉంటాయి. ఒకే చేను ఒకే సంవత్సరంలో మునగడం, ఎండడం రెండూ చూచేది. రైతుకు కావలసినది ఎక్కువ నీరు కాదు; జూన్ నుండి నవంబరు దాకా కాలువ తలదగ్గర ఒకే తీరుగా నిలిచే మట్టం. 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ జిల్లా దురవస్థను గూర్చి ప్రభుత్వానికి నివేదిక సమర్పించినాడు. నదిని పరిశీలించే భారం కాటన్‌మీద పడినది. 1845లో ఆయన వ్రాసి పంపిన నివేదికల సారాంశం పైన చెప్పినదే. తంజావూరులో ఇదే విద్యతో ఏమి సాధించినామో చూడండని, గోదావరి డెల్టా తంజావూరుకు తీసిపోదని, ఖర్చు పెట్టిన ప్రతి రూపాయి శిస్తు రూపంలో తిరిగి వస్తుందని ఆయన వాదించినాడు.

ఈ చివరి మాటను మేము దాటవేయదలచుకోలేదు. కాటన్ హృదయంలో కరుణ ఉన్నదనడానికి సందేహం లేదు. కాని కంపెనీ డైరెక్టర్లు కరుణకు సొమ్ము మంజూరు చేసేవారు కారు. లాభం చూపితేనే చేసేవారు. ఆయన వారికి లాభం చూపినాడు. కంపెనీవారు యుద్ధాలకు కోట్లు పోసి, నీటిపనులకు పైసలు విదిలిస్తారని బహిరంగంగా నిందించి, పైఅధికారుల ఆగ్రహానికి గురియైనవాడు కూడ ఆయనే. 1846 చివర మంజూరు వచ్చినది. 1847లో పని మొదలైనది.

ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకలతో సహా దాదాపు నాలుగు మైళ్ళ వెడల్పున పరచుకొని ఉంటుంది. లంకలు పోగా నీరు పారే పాయలకు అడ్డంగా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట వేయవలెను. మొత్తం పొడవు సుమారు 12 వేల అడుగులు; ఎత్తు 12 అడుగులు. పునాది బండమీద కాదు. ఇసుకలో లోతు తక్కువ బావులను దింపి, వాటిమీద కట్టడం లేపి, దిగువన ఏటవాలుగా పెద్ద రాళ్ళ పరుపు పరచినారు. కల్లణై పాఠమే ఇక్కడ కొంత మార్పుతో మరల వచ్చినది. ధవళేశ్వరం గుట్టనుండి కొట్టిన రాళ్ళను పట్టాలు పరచి వాటిమీద బండ్లలో ఏటివద్దకు చేర్చినారు. పని ముమ్మరంగా సాగిన రోజులలో దాదాపు పదివేలమంది కూలీలు అక్కడ ఉండేవారు. వారిని సమకూర్చి, పని నడిపించడంలో వీణెం వీరన్న అనే తెలుగు ఉద్యోగి కాటన్‌కు కుడిభుజంగా ఉండినాడు. కాటన్ విగ్రహాలు లెక్కలేనన్ని ఉన్నవి. వీరన్నను తలచేవారు తక్కువ. ఆ పదివేలమంది పేర్లు ఎవరూ వ్రాసిపెట్టలేదు.

వరదకాలంలో పని ఆగిపోయేది. ఏటిలో నీరు తగ్గిన నెలలలోనే, మండుటెండలలో సాగవలెను. ఆ ఎండలు కాటన్‌నే పడవేసినవి. 1848లో ఆరోగ్యం చెడి, పనిని కెప్టెన్ ఆర్ చేతిలో పెట్టి ఆయన ఆస్ట్రేలియాకు పోవలసి వచ్చినది. 1850లో తిరిగి వచ్చినాడు. 1852 మార్చి చివరకు ఆనకట్ట పూర్తి అయినది. ఆ తరువాత కెప్టెన్ ఆర్ బెజవాడకు పోయి కృష్ణకు ఆనకట్ట కట్టినాడు. అది 1855లో ముగిసినది.

ఇంతకీ పన్నెండు అడుగుల కట్ట ఏమి చేస్తుంది? వరద వచ్చినపుడు ఏమీ చేయదు. నది దానిని ముంచివేసి తన దారిన పోతుంది. వరద తీసినపుడే దాని ప్రయోజనం. నది ఎంత సన్నగిల్లినా ఆనకట్ట పైఅంచు దాకా నీరు కూడుకొని, ఇరుప్రక్కల ఉన్న కాలువల తలతూములకు అందుతుంది. ఇది చెరువు కాదు. నిలువ చేసేది ఏమీ లేదు. వస్తున్న నీటిని ఎత్తుమీద నిలిపి అందించడమే దాని పని. వరదలో తలతూముల తలుపులు మూసివేయవలెను. లేకున్న బురదనీరు కాలువలలో చొచ్చి మేట వేస్తుంది, గట్లు తెగుతాయి. కాలువ తలదగ్గర ఇసుక పేరుకొనకుండ ఆనకట్టలోనే అడుగు తూములు పెట్టినారు. వాటిని తెరిస్తే ప్రవాహవేగం ఇసుకను ఊడ్చివేస్తుంది. వేసవిలో నది మరీ తగ్గిన రోజులకై తరువాతి కాలంలో ఆనకట్ట అంచుమీద ఎత్తి దింపే తలుపులు అమర్చినారు. ఆ రెండు మూడు అడుగుల రేకు తలుపులమీదనే వేసవి పంట ఆధారపడేది.

తలతూము దాటిన తరువాత అసలు కష్టం మొదలవుతుంది. నేల వాలుగా ఉన్నది గదా అని కాలువను కూడ అదే వాలుతో త్రవ్వితే నీరు పరుగెత్తి గట్లను కోస్తుంది; పడవలు ఎదురెక్కలేవు; ప్రక్క పొలాల బోదెలకు నీరు ఎక్కదు. అందుకని కాలువను మెట్లు మెట్లుగా వేసినారు. ఒక్కొక్క మెట్టు కొన్ని మైళ్ళ పొడవు. ఆ పొడవునా నీరు దాదాపు చదునుగా నిలుస్తుంది. మెట్టు దిగే చోట లాకు. లాకు అంటే రెండు జతల తలుపుల నడుమ కట్టిన రాతి గది. ఎగువనుండి వచ్చే పడవ గదిలో ప్రవేశించిన తరువాత పైతలుపులు మూసి, క్రింది తలుపులలోని చిన్న కంతల గుండా నీరు వదిలితే పడవ నీటితో పాటు మెల్లగా దిగుతుంది. మట్టాలు సమమైనపుడు క్రింది తలుపులు తెరుచుకొంటాయి. ఎదురు వచ్చే పడవకు ఇదే తంతు తలక్రిందులుగా జరుగుతుంది. లాకు ప్రక్కన పలకలు ఎత్తి దింపే అడ్డుకట్ట ఒకటి ఉంటుంది. పడవకు లాకు ఎట్లో, పొలానికి ఆ పలకలు అట్లు. పలకలు దింపితే ఎగువ మెట్టులో మట్టం పెరిగి ఎగువ తూములకు నీరందుతుంది. ఎత్తితే నీరు దిగువ మెట్టుకు పోతుంది. ఎగువవాడు నాట్లకు తొందరపడి పలకలు దింపించుకొంటే శివారు రైతు తూము కంటికి నీరందదు. అన్నీ ఎత్తివేస్తే ఎగువ మెరక చేలు ఎండుతాయి. వానకాలంలో ఎత్తడం ఆలస్యమైతే గండి పడుతుంది.

ఈ పనికి లాకు దగ్గర ఉండే మనిషిని లస్కరు అంటారు. ఈ సంచికలోని ఉర్దూ పుటలు చదివే విద్యార్థులకు ఆ మాట కొత్త కాదు. పారసీకంలో లష్కర్ అనగా సేన. సేనతో పోయే మనిషి ఓడమీద కళాసీ అయి, తరువాత కాలువ గట్టుమీద కాపరి అయినాడు. తూము తెలుగు, లాకు ఇంగ్లీషు, లస్కరు పారసీకం: మూడు భాషలు కలిసి ఒక కాలువను నడుపుతున్నవి. మధ్య డెల్టాలోని లొల్ల లాకుల దగ్గర మేము ఒక వృద్ధ లస్కరును చూచినాము. గేజి పలక వైపు తల తిప్పకుండనే, రాతిమీది తడి చారను చూచి, రాత్రికంటె మూడు అంగుళాలు తీసినదని చెప్పినాడు. గేజి చూడగా అంతే ఉన్నది. కాటన్ నివేదికలలోని లెక్కలన్నీ చివరకు ఇటువంటి కండ్లలో ఇమిడి ఉన్నవి.

కాలువల పని ఆనకట్టతో ముగియలేదు, దశాబ్దాలు సాగినది. అందులో విశేషంగా చెప్పదగినది గన్నవరం అక్విడక్టు. మధ్య డెల్టా కాలువను వైనతేయ గోదావరి పాయమీదుగా నగరం లంకకు దాటించవలసి వచ్చినది. నదిలో కాలువను కలిపితే మట్టం పోతుంది. అందువలన 40 అడుగుల కమానులు 49 కట్టి, వాటిమీద కాలువను నడిపించినారు. క్రింద నది, పైన నది. కాటన్ క్రింద పనిచేసిన లెఫ్టినెంట్ హేగ్ దీనిని నిర్మించినాడు. తరువాతి కాలంలో దాని ప్రక్కన క్రొత్త అక్విడక్టు కట్టి, 2000లో అన్నదాత్రి డొక్కా సీతమ్మ పేరు పెట్టినారు. పాత కమానులు ఇప్పటికీ నిలిచి ఉన్నవి.

పడవల సంగతి కాటన్‌కు ప్రాణం. నీరు పొలానికి ఎంత అవసరమో, పంట రేవుకు చేరడానికి అంతే అవసరమని ఆయన నమ్మినాడు. గోదావరి కాలువ, కృష్ణ కాలువ ఏలూరు దగ్గర కలిసినవి. కాకినాడలో ఎక్కిన బస్తా ధాన్యం ధవళేశ్వరం, ఏలూరు, బెజవాడ మీదుగా లాకులు ఎక్కుతూ దిగుతూ కొమ్మమూరు కాలువలో ప్రవేశించి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ అందుకొని మద్రాసు చేరే మార్గం పంతొమ్మిదవ శతాబ్దం చివరకు ఏర్పడినది. గట్టుమీద నడుస్తూ తాడు పట్టి పడవలు లాగిన మనుషులను చూచినవారు మన ముందు తరంలో చాలామంది ఉండేవారు. కాని ఇక్కడే ఒక వైరుధ్యం ఉన్నది. పడవకు ఏడాది పొడవునా ఒకే లోతు కావలెను. పొలానికి నాట్లప్పుడు నిండుగా, కోతలప్పుడు తక్కువగా కావలెను. పూడిక తీయడానికి వేసవిలో కాలువలు కట్టివేయవలెను. కాలువ కట్టిననాడు పడవ బురదలో కూర్చుంటుంది. ఇద్దరు యజమానులను ఒకే కాలువ పూర్తిగా తృప్తిపరచలేదు. రైళ్ళు, లారీలు వచ్చిన తరువాత ఆ తగవు దానంతటదే తీరిపోయినది, పడవ ఓడిపోయినది.

రైళ్ళ విషయంలో కాటన్ పోరాటం ప్రసిద్ధమే. 1854లో ప్రకటించిన గ్రంథంలోను, ఆ తరువాత ఎన్నో కరపత్రాలలోను, భారతదేశానికి ముందుగా కావలసినవి ఇనుపదారులు కావు, నీటిదారులు అని ఆయన వాదించినాడు. నదులన్నిటినీ కలుపవచ్చునన్నాడు. 1861లో సర్ బిరుదు వచ్చినది. కాని ఆయన పెద్ద ప్రణాళికలు రెండు ఆయన కండ్ల ఎదుటనే కూలినవి. గోదావరిని భద్రాచలానికి ఎగువన పడవలకు అనుకూలం చేయాలని హేగ్ ఆధ్వర్యంలో మొదలైన పని బండలు, రేవడులు, జ్వరాల నడుమ నలిగి 1871లో విడిచిపెట్టబడినది. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం దాని గుర్తుగా మిగిలినది. రెండవది కర్నూలు-కడప కాలువ. ఆయన ఊహ ప్రకారం లండనులో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్రమీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, సుమారు 190 మైళ్ళ కాలువ త్రవ్వినది. నీరు వచ్చినది, రైతు రాలేదు. నల్లరేగడిలో జొన్న, పత్తి పండించే రైతుకు ఏటేటా నీటితీరువ కట్టి మాగాణి చేయవలసిన అవసరం కనిపించలేదు. వాన బాగా కురిసిన ఏడు ఎవరూ నీరు అడుగలేదు. కంపెనీ నష్టపోయినది, 1882లో ప్రభుత్వం దానిని కొనివేసినది. ఆ కాలువ తరువాతి తరాలకు ఎంతో ఉపకరించినదనేది వేరు సంగతి. గోదావరిలో నేల వాలును, ఒండ్రును, రైతు అలవాటును చదివిన కాటన్, రాయలసీమలో నేల వాలును మాత్రమే చదివినాడని మాకు తోస్తున్నది.

డెల్టాలో కూడ ఒక లోటు ఉండిపోయినది. నీరు తెచ్చే దారులమీద పెట్టిన శ్రద్ధ, వాడిన నీరు పోయే దారులమీద పెట్టలేదు. నేల నదికి దూరమైనకొలది పల్లం గదా. ఆ పల్లంలో మురుగు నిలిచిపోతుంది. కాలువలు వచ్చినకొలది కొల్లేటి పరిసరాలలోను, సముద్రతీరపు శివారులలోను వానకాలపు చేలు రోజులకొలది నీటిలో నానడం పెరిగినది. తరువాత మురుగు కాలువలు త్రవ్వినారు. 1964 నాటి ముంపు తరువాత మిత్రా కమిటీ ఈ సమస్యనే పరిశీలించవలసి వచ్చినది. ఇప్పటికీ తుఫాను వచ్చిన ప్రతిసారి డెల్టా రైతు ముందుగా చూచేది కాలువను కాదు, మురుగు కాలువను.

ఇంగ్లండు చేరిన తరువాత కాటన్ ఊరక కూర్చుండలేదు. 1876-78 కరువులో దక్షిణదేశం అల్లాడినపుడు డెల్టా జిల్లాలు నిలద్రొక్కుకొని ఇతరులకు ధాన్యం పంపినవి. ఆ దృష్టాంతం చూపి ఆయన మరల నీటిపనులకై వాదించినాడు. 1878లో పార్లమెంటు సంఘం ఎదుట సాక్ష్యం చెప్పినాడు. సంఘంవారు ఆయన మాటను అంతగా ఖాతరు చేయలేదు. అప్పటికి ఆయనకు డెబ్బది అయిదేండ్లు. డార్కింగ్ పట్టణంలోని తన ఇంటి దొడ్డిలో నేలను లోతుగా త్రవ్వి, గోధుమ విత్తి, ఎంత లోతున తడి నిలుస్తుందో కొలుచుకొంటూ చివరి ఏండ్లు గడిపినాడు. 1899 జూలై 24న తొంబది ఆరవ ఏట మరణించినాడు. మరుసటి సంవత్సరం ఆయన కుమార్తె, లేడీ హోప్ అనే పేర ప్రసిద్ధురాలు, ఆయన జీవితచరిత్రను ప్రకటించినది.

ఆయన ఆనకట్ట నూటపాతిక ఏండ్లకు పైగా పనిచేసినది. దాని స్థానంలో 1970లో ప్రారంభించి 1982లో పూర్తి చేసిన బ్యారేజికి ఆయన పేరే పెట్టినారు. నాలుగు భాగాలు అవే, తలుపులు 175. పాత ఆనకట్టమీద నది పొర్లిపోయేది. ఇప్పుడు వరద వస్తే తలుపులు ఎత్తి నదికి దారి విడుస్తారు. ధవళేశ్వరం గేజి 11.75 అడుగులు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు దాని గుండా పోయినది. 2015 నుండి పట్టిసీమ దగ్గర గోదావరి నీటిని ఎత్తి, పోలవరం కుడికాలువ ద్వారా కృష్ణకు చేరుస్తున్నారు. దాళ్వా పంటకు నది చాలనపుడు సీలేరునుండి నీరు వదులుతారు. అది ధవళేశ్వరం చేరేసరికి ఎన్ని అంగుళాలు పెరిగినదని ఇంజనీర్లు, ఏ కాలువకు ఎన్ని రోజుల వంతు అని రైతులు లెక్క చూచుకొంటారు. వేసవిలో కాలువలు కట్టివేసే తేదీ ప్రకటించగానే శివారు ఊళ్ళలో మంచినీటి చెరువులు నింపుకొనే తొందర మొదలవుతుంది. లాకులలో పడవలు లేవు. పలకలు ఎత్తే దింపే పని మాత్రం, కొత్త రేకు తలుపులతో, సాగుతూనే ఉన్నది.